ఉదయగిరి బాలకృష్ణుడు: విగ్రహం తరలితే దైవం తరలుతుందా?

1514 జూన్‌లో ఉదయగిరి దుర్గం శ్రీకృష్ణదేవరాయల వశమైంది. ముట్టడి సుమారు ఏడాదిన్నర సాగింది. కోటను కాస్తున్న తిరుమల రౌతరాయడు రాయల చేతికి చిక్కాడు. ఆయన ఉదయగిరిని ఏలుతున్న ఒడిశా రాజు ప్రతాపరుద్ర గజపతికి దగ్గరి బంధువు. ఆ విజయం తరువాత ఉదయగిరి నుంచి విజయనగరానికి తరలినవాటిలో ఒక బాలకృష్ణ విగ్రహం ఉంది. రాయలు రాజధానిలో ఆ స్వామికి ప్రత్యేకంగా గుడి కట్టించి, 1515లో మణిమంటపంలో ప్రతిష్ఠ చేయించి, దానధర్మాలు చేశాడని గుడి ముందు నిలిపిన శాసనం చెబుతోంది. యాభై ఏళ్లు తిరిగేసరికి, 1565 యుద్ధం తరువాత, విజయనగరం పాడుబడింది. హంపి కృష్ణాలయంలో నేడు మూలవిరాట్టు లేదు. దెబ్బతిన్న ఆ విగ్రహం చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

ఒకే శిల మూడు చోట్ల మూడు రకాలుగా బతికింది. నెల్లూరు జిల్లా పడమటి కొండల్లో ఊరి దేవుడిగా, తుంగభద్ర ఒడ్డున సామ్రాజ్యపు దేవుడిగా, చివరికి చూడవచ్చినవారి ముందు శిల్పంగా. ఈ మూడింటిలో దైవం ఎక్కడిది? విగ్రహం కదిలితే దైవం కూడా వెంట కదులుతుందా, పాత చోటే ఉండిపోతుందా, లేక దారిలో ఎక్కడో విడిపోతుందా? ఉదయగిరి చరిత్రలో ఈ ప్రశ్నకు ఒకటి కాదు, కనీసం నాలుగైదు సమాధానాలు పక్కపక్కనే బతికాయి. అవి ఒకదానితో ఒకటి పొసగవు. అందుకే వాటిని విడివిడిగా, ఓపికగా చూడాలి.

మొదట యుద్ధంలో విగ్రహాన్ని తేవడం గురించి. నేటి కంటికి ఇది దోపిడీలా కనబడుతుంది. ఆనాటి రాజధర్మం దృష్టిలో దీనికి వేరే లెక్క ఉంది. ఓడిన రాజు ఇలవేల్పును గెలిచిన రాజు ధ్వంసం చేయకుండా ఇంటికి తెచ్చుకుని, మునుపటికన్నా ఘనంగా పూజిస్తే, ఆ దేవుడి అనుగ్రహం తనవైపు తిరిగిందని లోకానికి చాటినట్టు. పదకొండో శతాబ్దంలో రాజాధిరాజ చోళుడు కళ్యాణి చాళుక్యుల రాజధాని నుంచి ఒక ద్వారపాలక విగ్రహాన్ని తెచ్చి, ఆ సంగతిని దాని పీఠం మీదే చెక్కించాడు. అది నేడు తంజావూరులో ఉంది. గజపతులు కూడా ఈ పని చేసినవారే. పురుషోత్తమ గజపతి దక్షిణదేశ దండయాత్ర నుంచి సాక్షిగోపాలుణ్ణి ఒడిశాకు తీసుకుపోయాడని ఆ ప్రాంతపు భక్తి సంప్రదాయం చెబుతుంది. పూరీకి దగ్గర్లోని సాక్షిగోపాల్ గుడిలో ఆ స్వామికి నేటికీ పూజలు జరుగుతున్నాయి. అలా చూస్తే ఉదయగిరి బాలకృష్ణుడి ప్రయాణం రెండు రాజవంశాల మధ్య నడిచిన పాత వ్యవహారానికి బదులు. తండ్రి ఒక కృష్ణుణ్ణి తీసుకుపోతే, కొడుకు ప్రతాపరుద్రుడి ఏలుబడిలో మరో కృష్ణుడు తరలిపోయాడు.

రాయలు మాత్రం ఆ విగ్రహాన్ని విజయచిహ్నంగా చూసి ఊరుకోలేదు. గుడి తూర్పు గోపురం మీది సున్నపు బొమ్మల్లో గుర్రాలతో, ఆయుధాలతో నడిచే సైనికులు కనిపిస్తారు. అది ఉదయగిరి యుద్ధఘట్టమేనని పలువురి అభిప్రాయం. రాయలు వేయించిన బంగారు వరహాల మీద వెన్నముద్ద పట్టుకుని కూర్చున్న బాలకృష్ణుడి రూపం ఉంది. అది ఉదయగిరి విజయానికి గుర్తుగా వేసిన నాణెమని నాణేల పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. చిటికెన వేలి గోరంత జాగాలో మోకాలు ఎత్తి కూర్చున్న పసివాడు, చేతిలో వెన్న; వెనకవైపు నాగరి లిపిలో రాజు పేరు. గర్భగుడిలో అర్చకుడు తప్ప ఎవరూ తాకరాని రూపం సంతలో బేరగాళ్ల చేతుల్లోకి వచ్చింది. నలభై యాభై రోజుల నడక దూరంలో ఉన్నవాడు కూడా ఆ బాలుణ్ణి వేళ్ల మధ్య పట్టి చూడగలిగాడు. విగ్రహానికీ దాని రూపానికీ ఉన్న తేడా ఇక్కడే మొదటిసారి స్పష్టంగా బయటపడుతుంది. రాయి హంపిలోనే ఉంది, రూపం దేశమంతా తిరిగింది.

ఇక శాస్త్రం మాటకు వస్తే, వైఖానస, పాంచరాత్ర ఆగమాలు రాతిలో దైవం తనంత తాను ఉందని చెప్పవు. స్వయంవ్యక్త మూర్తులను మినహాయిస్తే, శిల్పి చెక్కినంత మాత్రాన విగ్రహం దేవుడు కాదు. జలాధివాసం, ధాన్యాధివాసం వంటి క్రియలు జరగాలి, నయనోన్మీలనం జరగాలి, కుంభంలోని నీటిలోకి ఆవాహన చేసిన శక్తిని మూర్తిలోకి దించాలి. నయనోన్మీలనం ఈ క్రమంలో కీలకమైన ఘట్టం. అప్పటిదాకా కనుపాపలు పూర్తికాని ముఖం శిల్పి ముందున్న పని మాత్రమే. దానిమీద ఉలి పెట్టవచ్చు, చేత్తో తుడవవచ్చు, కొలత తప్పితే విసుక్కోవచ్చు కూడా. బంగారు సూదితో కళ్లు తెరిచిన క్షణం నుంచి చెక్కినవాడికే దానిమీద చెయ్యి వేసే అధికారం పోతుంది. మూర్తి చేతులు మారి ఆచార్యుడి వశమవుతుంది.

వచ్చినట్టే ఆ శక్తి పోగలదు కూడా. గర్భగుడికి మరమ్మతులు చేయవలసి వచ్చినప్పుడు మూలవిరాట్టులోని శక్తిని కుంభంలోకి తీసి బాలాలయం అనే తాత్కాలిక గుడిలో ఉంచుతారు. 2018 ఆగస్టులో తిరుమలలో జరిగిన అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం తెలుగువారికి బాగా గుర్తున్న ఉదాహరణ. పన్నెండేళ్లకొకసారి జరిగే ఆ క్రతువులో కొద్దిరోజులు కోట్లమంది మొక్కే మూర్తి నుంచి సాన్నిధ్యాన్ని కలశంలోకి మార్చి యాగశాలలో అర్చించారు. అంటే ఆగమం లెక్కలో శక్తికి కదలిక సహజం. రాయి దాని ఇల్లు. ఇల్లు పాతబడితే బాగుచేసుకోవచ్చు, కూలితే కొత్తది కట్టుకోవచ్చు. అంగహీనమైన విగ్రహాన్ని పూజలో ఉంచరాదనీ, నీటిలో విడిచి కొత్తది ప్రతిష్ఠించాలనీ సంప్రదాయం చెప్పడానికి కారణం ఇదే.

ఈ సూత్రాన్ని కచ్చితంగా పాటిస్తే ఎగ్మూరులోని బాలకృష్ణుడిలో సాన్నిధ్యం లేదు. అంగాలు దెబ్బతిన్నాయి, అర్చన ఆగిపోయి నాలుగు శతాబ్దాలు దాటింది. ఆ తీర్పు శాస్త్రసమ్మతమే అయినా అసంపూర్ణం. రాయలు ఏ సంప్రదాయాన్ని అభిమానించి ఆముక్తమాల్యద రాశాడో ఆ శ్రీవైష్ణవమే ఇంకో మాట చెబుతుంది. భగవంతుడి పర, వ్యూహ, విభవ, అంతర్యామి రూపాలకన్నా అర్చారూపం, అంటే పూజలందుకునే విగ్రహం, భక్తుడికి సులభమైనది. సర్వస్వతంత్రుడు ఇక్కడ కావాలని పరాధీనుడవుతాడు. స్నానం చేయించేవాడు చేయిస్తేనే స్నానం, పెట్టేవాడు పెడితేనే భోజనం. అలాంటి స్వామి ఆకలిని, ఎండను, పరదేశవాసాన్ని కూడా ఒప్పుకున్నవాడే అనుకుంటే, మ్యూజియంలో పడి ఉండడం కూడా ఆ సౌలభ్యంలో భాగమే కాకూడదా? ఈ వాదాన్ని భావుకత అని కొట్టిపారేయడం తేలిక. కానీ మ్యూజియం గదుల్లో రాతి దేవుళ్ల ముందు చెప్పులు విడిచి చేతులు జోడించేవారు, పాదాల దగ్గర నాణెం పెట్టి వెళ్లేవారు ఈ సిద్ధాంతం చదువుకోకుండానే దాన్ని ఆచరిస్తున్నారు. ఆ నమస్కారం అందుకునేది ఎవరన్నది శాస్త్రం ఒక్కటే తేల్చగల ప్రశ్న కాదు.

న్యాయస్థానాలు కూడా ఈ ప్రశ్న దగ్గర తడబడ్డాయి. కలకత్తాలోని ఒక కుటుంబపు ఇలవేల్పును వంతులవారీగా ఒకరి ఇంటి నుంచి మరొకరి ఇంటికి తరలించవచ్చా అన్న తగవు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. విగ్రహం మనుషుల చేతిలో సొత్తు వంటిది కాదనీ, అది చట్టం దృష్టిలో ఒక వ్యక్తి అనీ, ఎక్కడ ఉండాలన్న విషయంలో దాని ఇష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలనీ 1925లో తీర్పు వచ్చింది. దేవుడి తరఫున నిష్పాక్షికుడైన ఒక మనిషి మాట్లాడాలని కూడా ఆ తీర్పు చెప్పింది. 1976లో తమిళనాడులోని పాత్తూరులో మట్టిలో దొరికి, దొంగచాటుగా లండన్ చేరిన నటరాజు విషయంలో 1991లో అక్కడి అప్పీలు కోర్టు శిథిలమైపోయిన గుడి తరఫున వేసిన దావాను కూడా చెల్లుబాటుగా తీసుకుంది. నటరాజు తిరిగి వచ్చాడు. పూజ లేకపోయినా, గోడలు కూలినా, దేవుడి హక్కు చావలేదన్నమాట. ఆగమం ప్రకారం వెళ్లిపోయిన శక్తి, చట్టం ప్రకారం ఇంకా వాదిగా నిలబడుతుంది.

ఉదయగిరి విగ్రహం మద్రాసు చేరడానికి వెనక దొంగతనం లేదు. హంపి అప్పట్లో ఉన్న బళ్లారి జిల్లా, ఉదయగిరి ఉన్న నెల్లూరు జిల్లా రెండూ 1953 దాకా మద్రాసు పరిపాలనలోనివే. 1851లో మొదలైన మద్రాసు మ్యూజియమే ఆ మొత్తం ప్రాంతానికి పెద్ద భాండాగారం. అమరావతి పాలరాతి శిల్పాలు కొన్ని లండన్ వెళ్లగా మిగిలినవాటిలో పెద్ద భాగం అక్కడికే చేరింది. పాడుబడ్డ గుళ్లలో పడి ఉన్నవాటిని తెచ్చి కాపాడడం ఆనాటి అధికారులు మంచిపనిగానే చేశారు. వారు చేయకపోతే చాలా విగ్రహాలు సున్నపు బట్టీల పాలో, పునాదిరాళ్ల పాలో అయ్యేవి. ఆ మేలును తక్కువ చేసి చెప్పకూడదు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చువేయడం కూడా ఆ శ్రద్ధలో భాగమే. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాల పల్లెల్లో పొలంగట్ల మీద ఒరిగిపోయిన రాళ్ల మాటలు ఈనాటికీ చదవగలుగుతున్నామంటే అది ఆ సంపుటాల పుణ్యం.

అయితే మ్యూజియం విగ్రహాన్ని మార్చి చూపిస్తుంది. గుడిలో భక్తుడికి కనిపించేది రాయి కాదు. పట్టువస్త్రం, తులసిమాల, నామం, వెండి కళ్లు, హారతి వెలుగులో ఒక క్షణం మెరిసే ముఖం. సింహాచలంలో స్వామి ఏడాదంతా చందనపు పూతలో ఉండి, వైశాఖ శుద్ధ తదియ ఒక్కనాడే నిజరూప దర్శనం ఇస్తాడు. ఉదయగిరి గెలిచిన రాయలు ఆ తరువాత కళింగ దండయాత్రలో ఆ కొండ కూడా ఎక్కి కానుకలు సమర్పించాడు. మ్యూజియంలో ప్రతి మూర్తికీ ఏడాదంతా నిజరూప దర్శనమే. దాచి ఉంచడం వల్ల కలిగే గాఢత అక్కడ ఉండదు. దానికి బదులు గుడిలో ఎన్నడూ కనబడనిది కనిపిస్తుంది: వీపు మీద ఉలి ఆగిన చోటు, పీఠంలోకి దిగే మొద్దుభాగం, పసివాడి పొట్ట దగ్గర రాయి ఎంత నునుపుగా అరగదీశారో ఆ పనితనం. భక్తుడు కోల్పోయిన చోట శిల్పికి పాఠం దొరుకుతుంది. ఈ లావాదేవీని తెలుగుదేశంలో సరిగా వాడుకున్నది తక్కువే.

మూర్తి మిగలాలా, మూర్తిని చేసే విద్య మిగలాలా అన్న ప్రశ్న ఇక్కడి నుంచి పుడుతుంది. దీనికి నెల్లూరు సీమలోనే గట్టి సమాధానం ఉంది. వెంకటగిరి పోలేరమ్మ జాతరలో అమ్మవారిని కుమ్మరి కుటుంబంవారు మట్టితో చేస్తారు. వినాయక చవితి తరువాత భాద్రపదంలో జరిగే ఆ జాతరకు జనం విరగబడి వస్తారు. నిలబెట్టిన ఒక్క రోజులోనే ఊరేగింపు ముగిసి, విరూప మండపం దగ్గర అమ్మ రూపాన్ని విప్పేస్తారు. అంతమంది మొక్కిన ముఖాన్ని దాచిపెట్టాలని ఎవరూ అడగరు. మరుసటి ఏడాది అదే కుటుంబపు చేతులు అదే ముఖాన్ని మళ్లీ చేస్తాయి. ఇక్కడ తరతరాలుగా వచ్చేది మట్టి కాదు, చేయగలిగే హక్కు, చేసే తీరు. పూరీ జగన్నాథుడు కూడా కొంతవరకు ఇదే దారిలో ఉన్నాడు. వేపదారు విగ్రహాలను అధిక ఆషాఢం వచ్చిన కొన్ని సంవత్సరాల్లో, ఇటీవల 1996లో, 2015లో, కొత్తగా చేసి, పాత దేహాల్లోని బ్రహ్మపదార్థాన్ని కొత్తవాటిలోకి మారుస్తారు. మార్చే దైతాపతులు కళ్లకు గంతలు, చేతులకు గుడ్డలు చుట్టుకుంటారు. పాత మూర్తులను కోయిలి వైకుంఠంలో భూమిలో ఉంచుతారు. ఉదయగిరిని ఏలిన గజపతులు తమను జగన్నాథుడి సేవకులుగా చెప్పుకున్నవారు. రాయి శాశ్వతం అనుకునే ఆరాధన, దేహం మారాలి అనుకునే ఆరాధన ఒకే వంశం గొడుగు కింద నడిచాయి.

పసిఫిక్ మహాసముద్రంలోని మెలనీసియా దీవుల్లో ఈ రెండో దారి మరింత తీవ్రంగా కనిపిస్తుంది. పపువా న్యూగినీకి చెందిన న్యూ ఐర్లండ్ ఉత్తర భాగంలో చనిపోయినవారి కర్మకాండ కోసం మలంగన్ అనే చెక్క శిల్పాలు చేస్తారు. నెలల తరబడి చెక్కి, రంగులు వేసి, వేడుకలో కొద్దిసేపు నిలబెట్టాక వాటి పని అయిపోతుంది. అడవిలో కుళ్లిపోనివ్వడం, కాల్చేయడం, పంతొమ్మిదో శతాబ్దం నుంచి యూరోపియన్ వర్తకులకు అమ్మేయడం జరిగింది. వేల సంఖ్యలో మలంగన్‌లు యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా మ్యూజియంలకు చేరింది అలాగే. అక్కడివారి దృష్టిలో పోయింది పొట్టు మాత్రమే. ఆ రూపాన్ని తిరిగి చేసే హక్కు ఒక కుటుంబం నుంచి మరో కుటుంబానికి విలువ చెల్లించి సంక్రమిస్తుంది, మనసులో భద్రంగా ఉంటుంది. 1994లో అదే పపువా న్యూగినీలోని సెపిక్ నదీప్రాంతం నుంచి పదిమంది శిల్పులు అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, అక్కడి చెట్ల మధ్య కొయ్యలోను రాతిలోను కొత్త శిల్పాలు చెక్కి తోటగా నిలబెట్టడం ఈ ధైర్యంతోనే. వారు పాతవాటిని గాజు పెట్టెల్లో వెంట తీసుకుపోలేదు. పాత తీరును చేతుల్లో పెట్టుకుని కొత్త నేల మీద కొత్త రూపాలు చేశారు. బూగన్‌విల్ దీవిలో పుట్టిన టలోయి హవీని వంటి నేటి కళాకారులు పాత సంగ్రహాలను, ఊరి పెద్దల జ్ఞాపకాన్ని పక్కపక్కన పెట్టి తమ పనిని నిర్మించుకుంటున్నారు.

దీన్నిబట్టి మ్యూజియం గురించి ఒక మాట నిర్భయంగా అనవచ్చు. సంప్రదాయం ఏ భాగాన్ని మార్చుకోదగినదిగా ఎంచిందో మ్యూజియం దాన్నే ఎక్కువ శ్రద్ధగా కాపాడింది. సంప్రదాయం ఏది పోతే అంతా పోయినట్టేనని భావించిందో, అంటే చెక్కే విద్యను, పిలిచే మంత్రాన్ని, వచ్చి మొక్కే ఊరిని, అది కాపాడలేకపోయింది, కాపాడడం దాని పనీ కాదు. ఆ పని మనుషులదే.

అందరి విశ్వాసమూ కదలికను ఇలా ఒప్పుకోదు. ఆత్మకూరు దగ్గరి అనుమసముద్రంపేటలో ఖాజా రహ్మతుల్లా నాయబ్ రసూల్ దర్గా ఉంది. ముస్లింలతో పాటు హిందువులు కూడా పెద్దసంఖ్యలో అక్కడికి వస్తారు. గంధ మహోత్సవం నాడు ఊరు నిండిపోతుంది. దర్గాలో పవిత్రత ఒక రూపానిది కాదు, ఆ నేలలో నిద్రిస్తున్న మనిషిది. దాన్ని కలశంలోకి తీయలేరు, మరో ఊరికి ఊరేగించలేరు. మొక్కుబడి ఉన్నవాడు తానే నడిచి రావాలి. రాయలు బాలకృష్ణుణ్ణి తీసుకుపోగలిగాడు, దర్గాను ఏ రాజూ తీసుకుపోలేడు. ఉదయగిరి కొండ మీద గుళ్ల శిథిలాలు, మసీదులు పక్కపక్కనే ఉన్నాయి. కదిలే దైవం, కదలని పవిత్రత అనే రెండు భావాలూ కొన్ని కిలోమీటర్ల పరిధిలోనే నేటికీ బతికి ఉన్నాయి.

నదుల మీద ఆనకట్టలు కట్టినప్పుడు ఈ తేడా పుస్తకాల్లోంచి బయటికి వచ్చి ఊళ్ల మీద పడింది. ఆత్మకూరు ప్రాంతంలో పెన్న మీద సోమశిల జలాశయం వచ్చింది. ముంపు ఊరు లేచిపోయేటప్పుడు ఇంటి సామానుతో పాటు ఊరి దేవతను ఏం చేయాలన్నది ఎక్కడైనా మొదట తేల్చుకోవలసిన విషయం. కృష్ణ మీద శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు దీనికి రెండు సమాధానాలు వచ్చాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురం తరలించి మళ్లీ కట్టారు. ముచ్చుమర్రి దగ్గరి సప్తనదుల సంగమేశ్వరాన్ని నీటికే వదిలేశారు. అక్కడిది వేపదారు శివలింగం. జలాశయం నిండినప్పుడు గుడి మునుగుతుంది, అర్చకుడు ఆ ఏటికి చివరి హారతి ఇచ్చి వెనక్కి వస్తాడు. వేసవిలో నీరు తగ్గగానే బురద తుడిచి మళ్లీ పూజ మొదలుపెడతాడు. మొదటి పద్ధతిలో కట్టడం దక్కింది, చోటు పోయింది. రెండో పద్ధతిలో చోటు దక్కింది, ఏడాదిలో ఎక్కువకాలం పూజ పోయింది. ఏది మేలో ఇంజనీరు చెప్పలేడు. నదీసంగమమే మహిమ అనుకునేవారికి రెండోది నచ్చుతుంది. నిత్యనైవేద్యమే ముఖ్యం అనుకునేవారికి మొదటిది.

ఉదయగిరిలో నేడు చెక్కుడు పని అంటే గుర్తొచ్చేది రాయి కాదు, కొయ్య. ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులు, పళ్లేలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. పనివారిలో ఎక్కువమంది ముస్లిం కుటుంబాల స్త్రీలు. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి, కల్ది, పాలబర్కి, దేవదారి వంటి కొయ్యలు వాడతారు. ముక్క కోసి, బాడిసెతో మోటురూపు తెచ్చి, ఉలితో గుంట తీసి, ఆకురాయితో, గరుకు కాగితంతో నునుపు చేస్తారు. అసలు పని పిడి దగ్గర ఉంది. వేలెడు వెడల్పు పట్టీలో పువ్వులు, తీగలు, జాలీ అల్లికలు తొలుస్తారు. రెండు రంధ్రాల మధ్య మిగిలే కొయ్య కొన్నిచోట్ల అగ్గిపుల్ల మందం కూడా ఉండదు. ఉలి ఒక్క వెంట్రుకవాసి జారితే మొత్తం చెంచా పోయినట్టే. ఈ నగిషీలో పారశీక అలంకారాల పోలిక ఉందని కళాపరిశీలకులు చెబుతారు.

ఇది మత ప్రశ్నకు దూరంగా ఉన్న గృహపరిశ్రమలా అనిపించవచ్చు. నిజానికి ఇది కూడా దానికి ఒక జవాబే. దేవుడికి రూపం కల్పించకూడదన్న విశ్వాసం చేతిపనిని చంపలేదు, దాన్ని తీగల్లోకి, జ్యామితిలోకి మళ్లించింది. గోపురం మీద దేవతలను మలచిన శిల్పికీ, మసీదు వంపు మీద లతలు తీర్చిన పనివాడికీ, చెంచా పిడి తొలిచే తల్లికీ కొయ్య, రాయి, సున్నం పట్ల ఉన్న మర్యాద ఒకటే. పూజించే వస్తువు, వాడుకునే వస్తువు అనే గీత చేసే చేతికి పెద్దగా ఉండదు. పని తప్పు లేకుండా రావాలన్న నిష్ఠ రెండుచోట్లా సమానం. ఆ నిష్ఠనే ఆరాధన అనడంలో అతిశయోక్తి లేదు.

కాబట్టి మ్యూజియం తలుపులు ముందుగా తెరుచుకోవలసింది ఇలాంటి చేతులకు. ఎగ్మూరులోని రాతిపనిని, రాయల వరహాలను, కొండమీది సున్నపు పనిని, మసీదుల వంపులను పట్టి చూసి, గీసుకుని, కొలతలు తీసుకుని తమ పనిలోకి తెచ్చుకునే అవకాశం ఉదయగిరి పనివారికి ఉండాలి. ఆళ్లగడ్డ, దుర్గి వంటి చోట్ల రాతిశిల్పులు పాత మూర్తుల తీరును చూసి కొత్త గుళ్లకు విగ్రహాలు చెక్కుతూనే ఉన్నారు. వారికి పాత బాలకృష్ణుడు చరిత్ర కాదు, కొలత. బాలమూర్తికి పెద్దల తాలమానం పనికిరాదు; తల పెద్దదిగా, కాళ్లు పొట్టిగా, పొట్ట బొద్దుగా రావాలి, అయినా ముఖంలో పసితనం మించిన శాంతం ఉండాలి. పుస్తకంలోని అంకెలు చెప్పలేని ఆ సర్దుబాటును పాత శిల్పి ఎలా సాధించాడో రాయి ముందు నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

విగ్రహాన్ని వెనక్కి ఇవ్వాలా అన్న ప్రశ్న చివరికి రాక తప్పదు. దొంగిలించినవాటి విషయంలో సందేహానికి తావు లేదు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధక్షేత్రంలోని మ్యూజియం నుంచి దొంగలు ఎత్తుకుపోయిన బుద్ధారాధకుల శిల్పాన్ని ఆస్ట్రేలియా జాతీయ కళాప్రదర్శనశాల 2005లో కొని, సంగతి బయటపడ్డాక 2016లో భారతదేశానికి తిరిగి ఇచ్చింది. ఉదయగిరి బాలకృష్ణుడిది వేరే చిక్కు. తిరిగి ఇవ్వాలంటే ఎవరికి? మొదట కొలిచిన ఉదయగిరికా, గుడి కట్టి శాసనం వేసిన హంపికా? ఉదయగిరికి దీర్ఘకాలపు అనుబంధం ఉంది, హంపికి ఖాళీ గర్భగుడి ఉంది. రెండు వాదాల్లోనూ న్యాయం ఉంది. గజపతి వంశమో, రాయల వంశమో అడిగే కాలం పోయింది.

ఆగమం మాత్రం ఈ తగవును తేలిక చేస్తుంది. అంగహీనమైన మూర్తి తిరిగి ఏ గర్భగుడిలోకీ వెళ్లలేదు. పూజ మళ్లీ మొదలుకావాలంటే కొత్త శిల తేవాలి, పాత మూర్తి కొలతలు తీసి చెక్కాలి, కళ్లు తెరవాలి, కలశం నుంచి ఆవాహన చేయాలి. అలా చేసిన బాలకృష్ణుడు ఉదయగిరిలోనూ ఉండవచ్చు, హంపిలోనూ ఉండవచ్చు. ఒకచోట ఉన్నందువల్ల రెండోచోటికి లోటు రాదు. రాయలు తీసుకుపోయిన రాయి అప్పుడు ఎగ్మూరులోనే, కొత్త మూర్తిని చెక్కే శిల్పికి దారిచూపే మాతృకగా ఉండిపోవచ్చు.